మేస్త్రీకి ఉన్న పాటి రక్షణ విద్యార్థికేదీ?

జగిత్యాల నుంచి ఓ మేస్త్రీని దుబాయ్‌కి పనికి పంపాలంటే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. 1983 నాటి వలసల చట్టం కింద రిజిస్టర్ చేసుకోవాలి. పూర్తిస్థాయి ఏజెంటైతే రూ.50 లక్షల బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. కార్మికుడి దగ్గర రూ.30 వేలు, దానిపై జీఎస్టీ మించి సేవా రుసుము తీసుకోకూడదు. అదే జగిత్యాల నుంచి బీటెక్ పూర్తిచేసిన అమ్మాయిని అమెరికాకో బ్రిటన్‌కో చదువుకు పంపేవాడికి ఆ చట్టం వర్తించదు. అమీర్‌పేటలోనో విజయవాడ బెంజి సర్కిల్ దగ్గరో ఓ గది అద్దెకు తీసుకుని, గోడకు నాలుగు దేశాల జెండాలు అంటిస్తే కన్సల్టెన్సీ తయారు. పొలం అమ్మిన డబ్బు, ఇల్లు తాకట్టు పెట్టిన కాగితాలు ఆ గదిలోకే వెళ్తున్నాయి.

మళ్లీ విదేశీ వర్సిటీల్లో ప్రవేశాల కాలం, ఫాల్ సీజన్ వచ్చింది. మళ్లీ అవే ఫ్లెక్సీలు, అవే హామీలు. ‘బ్యాక్‌లాగ్స్ ఎన్నున్నా పర్లేదు’, ‘ఫండ్స్ మేమే చూపిస్తాం’. ఈ రెండో మాట దగ్గర కాసేపు ఆగాలి. ఫండ్స్ చూపించడమంటే, చదువు ఖర్చుకు సొమ్ముందని వీసా అధికారులను నమ్మించడానికి కొన్ని వారాల పాటు ఎవరిదో సొమ్ము విద్యార్థి తండ్రి ఖాతాలో వేసి, బ్యాంకు నుంచి బ్యాలెన్స్ సర్టిఫికెట్ తీసుకుని, ఆ సొమ్ము మళ్లీ లాగేసుకోవడం. దానికి వడ్డీ, కమీషన్ కలిపి ముక్కుపిండి వసూలు చేస్తారు. ఆస్తుల విలువ చాలకపోతే పెంచి చూపే చార్టర్డ్ అకౌంటెంటు (సీఏ) రిపోర్టు ఉంటుంది. డిగ్రీ తర్వాత ఖాళీగా ఉన్న రెండేళ్లకు ఎన్నడూ చూడని కంపెనీ నుంచి ఎక్స్‌పీరియన్స్ లెటర్ వస్తుంది. వీసా దరఖాస్తు నింపేది కన్సల్టెన్సీ కుర్రాడు. కింద పేరు మాత్రం విద్యార్థిది.

దొరికితే అనుభవించాల్సిందీ ఆ పేరు గలవారే. తప్పుడు వివరాలిచ్చినట్టు తేలితే అమెరికా తలుపులు దాదాపు జీవితాంతం మూసుకుంటాయి. బ్రిటన్ పదేళ్లు, కెనడా ఐదేళ్లు, ఆస్ట్రేలియా మూడేళ్లు నిషేధం పెట్టవచ్చు. 22 ఏళ్ల పిల్లకు ఇంత శిక్ష. ఆ కాగితం పుట్టించినవాడు బోర్డు మార్చి పక్క వీధిలో దుకాణం తెరుస్తాడు.

ఇది కొత్తగా తెలిసిన సంగతేం కాదు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ వర్సిటీ వీసా మోసం బయటపడి మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకు కదలికలు కనిపెట్టే రేడియో ట్యాగులు తగిలించారు. న్యూజెర్సీలో, మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్‌లో అమెరికా అధికారులే ఉత్తుత్తి విశ్వవిద్యాలయాలు పెట్టి వలపన్నిన సంగతి 2016లో ఒకటి, 2019లో మరొకటి బయటపడ్డాయి. న్యూజెర్సీ వ్యవహారంలో 21 మంది దళారులను అరెస్టు చేశారు. ఫార్మింగ్టన్‌లో ఎనిమిది మందిపై కేసులు పెట్టారు. 2023 ఆగస్టులో ఒక్క రోజే 21 మంది భారతీయ విద్యార్థులను విమానాశ్రయాల నుంచే వెనక్కి పంపారు. వారిలో చాలామంది తెలుగువారే. అమెరికా తన గడ్డ మీది దళారులను పట్టుకుంది. మన గడ్డ మీది వారిని పట్టుకోవాల్సింది ఎవరు? మేస్త్రీ విషయంలో ఆ బాధ్యత తమదేనని ఒప్పుకొన్న ప్రభుత్వం విద్యార్థి విషయంలో ఎందుకు ఒప్పుకోదు?

తల్లిదండ్రుల అత్యాశే దీనికి మూలమని, నిజాయతీగా నడిచే కన్సల్టెన్సీలను లైసెన్సుల పేరుతో వేధించవద్దని వాదించేవారున్నారు. ఆశ తప్పు కాదు. నిజాయతీగా నడిచేవారు లైసెన్సుకు భయపడాల్సిన పనీ లేదు.

అసలు కన్సల్టెన్సీలు చెప్పే ‘ఉచిత సేవ’ అన్న మాటే పెద్ద మాయ. చేరిన ఒక్కో విద్యార్థికి ఇంత అని చాలా విదేశీ విశ్వవిద్యాలయాలు కన్సల్టెన్సీకి కమీషన్ చెల్లిస్తాయి. కాబట్టి ఆ కుర్చీలో కూర్చున్న వ్యక్తి మీ అమ్మాయికి సలహాదారు కాదు, ఆ కళాశాల అమ్మకందారు. ఫెడరల్ (అక్కడి కేంద్ర ప్రభుత్వ) సాయం పొందే విద్యాసంస్థలు తమ దేశపు విద్యార్థులను తలకింత కమీషనిచ్చి చేర్చుకోకూడదని అమెరికా చట్టం చెబుతోంది. విదేశీ విద్యార్థులకు వచ్చేసరికి అదే చట్టం మినహాయింపునిచ్చింది. తమ పిల్లల విషయంలో తప్పనుకున్నది మన పిల్లల విషయంలో వారికి తప్పుగా తోచలేదు. వారిని అనేముందు మనం చేసిందేమిటి? ఎక్కడినుంచి ఎంత కమీషన్ వస్తోందో తల్లిదండ్రులకు చెప్పి తీరాలన్న చిన్న నిబంధనైనా పెట్టామా?

పంజాబ్ 2012లోనే చట్టం తెచ్చి వీసా కన్సల్టెంట్లను, ఐఈఎల్‌టీఎస్ అనే ఆంగ్ల ప్రావీణ్య పరీక్ష కోచింగ్ కేంద్రాలను లైసెన్సు కిందికి తీసుకొచ్చింది. అయినా ఆ రాష్ట్రంలోని జలంధర్‌కు చెందిన ఓ ఏజెంటు నకిలీ ప్రవేశ పత్రాలతో కెనడాకు పిల్లలను పంపలేదా అని అడగవచ్చు. పంపాడు. చట్టం ఉంటే మోసం మాయమవుతుందని మేము అనడం లేదు. లైసెన్సు ఉన్నచోట దాన్ని రద్దు చేసే అధికారి ఉంటాడు, మోసపోయిన తండ్రి వెళ్లి నిలబడటానికి ఒక కార్యాలయం ఉంటుంది. తెలుగు తండ్రికి ఇప్పుడు ముందుగా కనిపించేది పోలీస్ స్టేషనే. అక్కడికెళ్తే ‘దొంగ కాగితం మీద సంతకం నీ కొడుకుదే కదా’ అంటారన్న భయంతో నోరు మూసుకుంటున్నాడు.

రిజిస్ట్రేషన్, బ్యాంకు గ్యారంటీ, రాతపూర్వక ఒప్పందం, కట్టిన ప్రతి రూపాయికి రసీదు, విద్యార్థి పేరుతో పంపిన ప్రతి కాగితం నకలు విద్యార్థి చేతిలో ఉండటం. ఇందులో అసాధ్యమైనదేదీ లేదు. గల్ఫ్ ఏజెంటు దగ్గర గ్యారంటీ అడుగుతున్న దేశమే ఇది. ఈ కన్సల్టెన్సీల ప్రకటనలు అచ్చేసే పత్రికలకూ ఇందులో బాధ్యత ఉంది. లైసెన్సు నంబరు లేని ప్రకటన వేయకూడదని చట్టంలో రాస్తే మొదట స్వాగతించేది మేమే.

కన్సల్టెన్సీల ప్రారంభోత్సవాల్లో రిబ్బన్ కత్తిరించడానికి, ఎడ్యుకేషన్ ఫెయిర్లలో జ్యోతి వెలిగించడానికి మన ప్రజాప్రతినిధులకు తీరిక దొరుకుతోంది. పిల్లలు విమానాశ్రయంలో చిక్కుకున్నాక విదేశాంగ మంత్రికి లేఖ రాసి, దాని ఫొటో పత్రికలకు పంపడానికీ దొరుకుతోంది. 2011 నుంచి ఆ లేఖలు చదువుతూనే ఉన్నాం. ఇక లేఖలు చాలు. వచ్చే సమావేశాల్లో ఉభయ రాష్ట్రాల శాసనసభల్లో బిల్లు పెట్టండి. అంతవరకూ ఆ రిబ్బన్ల జోలికి వెళ్లకండి.