జీరో దాకా వాడక్కర్లేదు, రాత్రంతా కాపలా కాయక్కర్లేదు

ఫ్యామిలీ గ్రూపు, ఆఫీసు గ్రూపు, పాత క్లాస్‌మేట్స్ గ్రూపు... ఎందులో ఉన్నా ఈ మెసేజ్ ఎప్పుడో ఒకప్పుడు మీ ఫోన్‌కి వచ్చే ఉంటుంది. "మీ ఫోన్ బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలా?" అని మొదలై, "పదిమందికీ పంపండి" అని ముగుస్తుంది. మధ్యలో నియమాల చిట్టా. కొత్త ఫోన్‌ని మొదటిసారి ఎనిమిది గంటలు ఛార్జింగ్‌లో ఉంచాలట. బ్యాటరీ పూర్తిగా అయిపోయాకే మళ్లీ ఛార్జింగ్ పెట్టాలట. రాత్రంతా ప్లగ్‌లో వదిలేస్తే ఓవర్‌ఛార్జ్ అయి పేలుతుందట. ఎక్కువ వాట్ల ఛార్జర్ పెడితే తట్టుకోలేదట. వాడిన యాప్‌లన్నీ ఎప్పటికప్పుడు క్లోజ్ చేయాలట. డార్క్ మోడ్ పెడితే సగం ఛార్జింగ్ మిగులుతుందట. ఛార్జింగ్‌లో ఉండగా ఫోన్ అసలు ముట్టుకోకూడదట.

అన్నీ పచ్చి అబద్ధాలైతే ఈ మెసేజ్ ఎప్పుడో చచ్చిపోయేది. కొన్ని ఒకప్పటి బ్యాటరీలకు నిజం, కొన్ని సగం నిజం. బ్యాటరీని నిజంగా దెబ్బతీసే వేడి గురించి మాత్రం ఒక్క ముక్క లేదు.

మొదటి రెండు నియమాలూ ఒకే చోట పుట్టినవి కాబట్టి కలిపే చూద్దాం. తొలినాటి మొబైల్ ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో నికెల్-కాడ్మియం, ఆ తర్వాత నికెల్-మెటల్ హైడ్రైడ్ బ్యాటరీలు ఉండేవి. నికెల్-కాడ్మియం బ్యాటరీని ప్రతిసారీ ఒకే స్థాయి దాకా వాడి మళ్లీ నింపుతుంటే, అది అక్కడికే అలవాటు పడిపోయి మిగతా సామర్థ్యం అందకుండా పోయేది. దాన్నే మెమరీ ఎఫెక్ట్ అంటారు. అప్పుడప్పుడూ పూర్తిగా ఖాళీ చేయడం, మొదటిసారి గంటల తరబడి ఛార్జ్ చేయడం అప్పటికి మంచి సలహాలే. 1991లో సోనీ లిథియం-అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. నెమ్మదిగా ఫోన్లన్నీ దానికే మారిపోయాయి. దాన్ని రూపొందించిన ముగ్గురికి (గుడెనఫ్, విటింగ్‌హామ్, యొషినో) 2019లో కెమిస్ట్రీ నోబెల్ కూడా వచ్చింది. లోపలి బ్యాటరీ మారింది, సలహా మాత్రం మారలేదు.

లిథియం-అయాన్‌కి మనం పట్టించుకోవాల్సిన మెమరీ ఎఫెక్ట్ లేదు. పైగా ఈ రెండో నియమం దానికి ఎదురు తిరుగుతుంది. పూర్తిగా ఖాళీ చేయడం, పూర్తిగా నింపడం దానికి శ్రమ. మధ్యలో 30 నుంచి 80 శాతం మధ్య తిరుగుతుంటే హాయి. "ఊరికే మాటిమాటికీ ఛార్జింగ్ పెడితే సైకిళ్లు అయిపోతాయి కదా" అనే వాళ్లుంటారు. సైకిల్ లెక్క అలా ఉండదు. మొత్తం మీద 100 శాతం ఛార్జింగ్ వాడితే ఒక సైకిల్. ఈరోజు 100 నుంచి 50కి దించి మళ్లీ నింపి, రేపు ఇంకో 50 వాడితే, రెండు రోజులకూ కలిపి ఒక్క సైకిల్. ప్లగ్ ఎన్నిసార్లు పెట్టామనేది లెక్కలోకే రాదు.

జీరో దాకా వాడితే ఒక చిన్న ఉపయోగం ఉంది, అదీ చెప్పుకోవాలి. శాతం లెక్క గాడి తప్పి, 15 చూపిస్తూనే ఫోన్ ఠక్కున ఆగిపోతుంటే, ఒకసారి పూర్తిగా దించి పూర్తిగా నింపితే మీటరు సర్దుకోవచ్చు. అప్పుడు సరయ్యేది అంకె. బ్యాటరీకి కొత్త బలమేమీ రాదు. ఇక ఖాళీ ఫోన్‌ని నెలల తరబడి బీరువాలో పడేయడం మాత్రం నిజంగా చెడ్డ అలవాటు. తెర మీద జీరో వచ్చినప్పుడు లోపల కొంత మిగిలే ఉంటుంది, వోల్టేజీ ప్రమాదకరంగా పడిపోకుండా ఫోనే ముందుగా స్విచాఫ్ అవుతుంది. ఆ మిగిలింది కూడా నెలల్లో మెల్లగా హరించుకుపోతే బ్యాటరీ సెల్ లోపల రాగి రేకు కరగడం మొదలై, ఆ బ్యాటరీ మళ్లీ కోలుకోకపోవచ్చు. వాడని ఫోన్‌ని దాచేటప్పుడు సగం ఛార్జింగ్‌తో స్విచాఫ్ చేసి పెట్టండి.

ఇప్పుడు అందరినీ భయపెట్టే మాట: రాత్రంతా ఛార్జింగ్. ఇందుకోసం అలారం పెట్టుకుని లేచి మరీ ప్లగ్ తీసేవాళ్లు ఉన్నారు.

20 శాతం దగ్గర ఫోన్‌ని ప్లగ్‌కి పెట్టామనుకోండి. మొదట్లో కరెంటు జోరుగా వెళ్తుంది, శాతం చకచకా పెరుగుతుంది. సెల్ వోల్టేజీ దాని గరిష్ఠ హద్దుకు (చాలాకాలంగా ఉన్న లెక్క 4.2 వోల్టులు, కొత్త సెల్‌లలో ఇంకాస్త ఎక్కువ) చేరగానే ఫోన్ లోపలి చిప్ ఆ వోల్టేజీని అక్కడే పట్టి ఉంచి, కరెంటును తగ్గించుకుంటూ పోతుంది. చివరి పది శాతం మన సహనాన్ని పరీక్షించేది అందుకే. కరెంటు బాగా సన్నగిల్లాక ఛార్జింగ్ ఆగిపోతుంది. ఆ తర్వాత ప్లగ్ అలాగే ఉన్నా ఫోన్ తన ఖర్చుకు కావలసింది అడాప్టర్ నుంచే తీసుకుంటుంది. బ్యాటరీ కొద్దిగా దిగితే కొద్దిగా నింపుకుంటుంది. నిండిన బ్యాటరీలోకి తెల్లారేదాకా కరెంటు తోసుకుంటూ పోవడం అనేది జరగదు.

మరి ఫోన్లు పేలిన వార్తల మాటేమిటి? 2016లో గెలాక్సీ నోట్ 7 మంటలంటుకున్న సంగతి అందరికీ గుర్తుంది. దాదాపు 25 లక్షల ఫోన్లను వెనక్కి పిలిచారు. మరుసటి ఏడాది జనవరిలో శాంసంగ్ కారణం బయటపెట్టింది. ఒక తయారీదారు బ్యాటరీల్లో పైమూల దగ్గర ఎలక్ట్రోడ్లు ఒంగి నొక్కుకుపోయాయి. ఇంకో తయారీదారు బ్యాటరీల్లో వెల్డింగ్ దగ్గర మిగిలిన లోహపు మొనలు లోపలి పొరల్ని చీల్చాయి. రెండూ బ్యాటరీ డిజైన్‌లో, తయారీలో జరిగిన తప్పులే. ఎవరో రాత్రి ప్లగ్ తీయడం మరిచిపోయినందుకు వచ్చిన ముప్పు కాదది.

రాత్రి ఛార్జింగ్‌లో ఉన్న ఆవగింజంత నిజం వేరే. లిథియం బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు, అందులోనూ వేడిగా ఉన్నప్పుడు, వేగంగా ముసలిదవుతుంది. రోజూ ఆరేడు గంటలు 100 దగ్గర కూర్చోబెడితే ఏడాది రెండేళ్లలో కాస్త తేడా కనిపిస్తుంది. దీనికి మనం నిద్ర చెడగొట్టుకోవాల్సిన పనిలేదు. యాపిల్ 2019లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 13తో, రాత్రి 80 దగ్గర ఆగి మనం లేచే వేళకు మిగతాది నింపే ఏర్పాటు తెచ్చింది. గూగుల్ పిక్సెల్, శాంసంగ్, సోనీ ఫోన్లలోనూ ఇలాంటివి ఉన్నాయి. కొన్నిట్లో 80 దగ్గరే శాశ్వతంగా ఆపేసే వీలూ ఉంది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ పేజీ ఒకసారి తెరిచి ఆన్ చేసి వదిలేయండి. ఫోన్‌ని దిండు కింద, దుప్పట్లో పెట్టి మాత్రం ఛార్జ్ చేయకండి. వేడి బయటకు పోయే దారి లేకపోతే ఏ సెట్టింగూ ఆదుకోదు.

ఎక్కువ వాట్ల ఛార్జర్ సంగతి పెద్దగా లాగక్కర్లేదు. ల్యాప్‌టాప్‌కి వచ్చిన 65 వాట్ల టైప్-సీ ఛార్జర్‌ని ఫోన్‌కి పెడితే 65 వాట్లూ ఫోన్‌లోకి దూకవు. ఛార్జర్ 5 వోల్టులతో మొదలుపెడుతుంది. తర్వాత రెండూ మాట్లాడుకుని, ఫోన్ ఎంత అడిగితే అంతే ఇస్తుంది. ఇదే పద్ధతిలో యూఎస్‌బీ పవర్ డెలివరీ 2021 నాటికి 240 వాట్ల దాకా వెళ్లింది, అదే ఛార్జర్ చిన్న ఇయర్‌బడ్స్‌కి కూడా పనికొస్తుంది. ఫాస్ట్ ఛార్జింగ్‌లో అదనంగా వేడి పుడుతుంది, నిజమే. అందుకే బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడే పూర్తి వేగం ఇచ్చి, నిండేకొద్దీ, వేడెక్కేకొద్దీ ఫోన్ తగ్గించేస్తుంది. తొందర లేనప్పుడు మామూలు ఛార్జర్ వాడితే మంచిదే, వాడకపోయినా కొంప మునగదు.

యాప్‌ల దగ్గరికి వద్దాం. నాకు ఈ మెసేజ్‌లో అన్నిటికన్నా చిరాకు తెప్పించేది ఇదే, ఎందుకంటే మంచి చేస్తున్నామనుకుంటూ జనం రోజుకు నూటొక్కసార్లు చేసే పని ఇది. ఫోన్ తీయడం, కింది నుంచి పైకి లాగడం, వరసగా ఉన్న కార్డులన్నిటినీ ఒక్కొక్కటీ పైకి విసిరేయడం, అంతా ఖాళీ అయ్యాక తృప్తిగా జేబులో పెట్టుకోవడం. చూడ్డానికి ఇల్లు సర్దినట్టే ఉంటుంది.

ఆ వరసలో కనిపించేవన్నీ నడుస్తున్న యాప్‌లు కావు. అది ఇటీవల మీరు తెరిచినవాటి జాబితా. వాటిలో చాలావాటిని ఐఓఎస్ అయినా ఆండ్రాయిడ్ అయినా ఎక్కడివక్కడ ఆపేసి మెమరీలో ఉంచుతుంది. అవి ప్రాసెసర్‌ని వాడుకోవు. మెమరీలో ఉన్నంత మాత్రాన బ్యాటరీ తినేస్తాయా అంటే, ర్యామ్ నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా దానికి పట్టే కరెంటు దాదాపు ఒకటే. విసిరేసిన యాప్‌ని ఐదు నిమిషాలకే మళ్లీ తెరుస్తాం కదా, అప్పుడు అది స్టోరేజీ నుంచి మొత్తం మొదటినుంచి లోడ్ కావాలి. ఇంట్లో గది నుంచి గదికి వెళ్లిన ప్రతిసారీ తాళం వేసి తీసినట్టు. 2016లో ఒక యూజర్ ఈ ప్రశ్నే ఈమెయిల్‌లో అడిగితే, యాపిల్ సాఫ్ట్‌వేర్ అధిపతి క్రెయిగ్ ఫెడరిఘీ అక్కర్లేదని తేల్చేశారు. అప్పట్లో ఆండ్రాయిడ్ బాధ్యతలు చూస్తున్న హిరోషి లాక్‌హైమర్ కూడా తమ దగ్గరా అంతేనని, అలా చేస్తే కొంచెం నష్టమే కావొచ్చని అన్నారు.

బ్యాటరీ తాగే యాప్‌లు లేవని కాదు. దారి చూపిస్తున్న మ్యాప్, హ్యాంగ్ అయిపోయిన యాప్, అస్తమానం లొకేషన్ అడిగే యాప్ ఉంటాయి. వాటిని సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం జాబితా చూసి పట్టుకోవాలి. అక్కడ పైన ఉన్న దాన్ని ఆపండి, లేదా బ్యాక్‌గ్రౌండ్ అనుమతి తీసేయండి. మిగతావాటి జోలికి పోకండి. ఈ పని చేసిపెడతామని వచ్చే "ర్యామ్ క్లీనర్", "బ్యాటరీ డాక్టర్" తరహా యాప్‌లు ఇంకో తమాషా: యాడ్‌లు చూపిస్తూ, ఎప్పుడూ మేలుకునే ఉండి, తామే ఛార్జింగ్ తింటాయి. నిజంగా ఛార్జింగ్ ఎక్కువగా పోయేది తెర వెలుగు మీద, సరిగా అందని సిగ్నల్ మీద. టవర్ దూరమయ్యేకొద్దీ ఫోన్ గొంతు పెంచి అరవాల్సి వస్తుంది.

డార్క్ మోడ్‌తో సగం మిగులుతుందా? ఎల్‌సీడీ తెరలో వెనక లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, నలుపు చూపించినా ఖర్చు తగ్గదు. ఓఎల్‌ఈడీ తెరలో ఒక్కో పిక్సెల్ (తెర మీది చుక్క) తనంతట తానే వెలుగుతుంది, నల్లది ఆరిపోతుంది కాబట్టి లాభం ఉంది. ఎంత లాభమనేది తెర వెలుగును బట్టి ఉంటుంది. అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు 2021లో ఓఎల్‌ఈడీ ఫోన్ల మీద కొలిచి చూస్తే, మామూలుగా వాడే 30 నుంచి 50 శాతం వెలుగులో మిగిలింది 3 నుంచి 9 శాతమే. పూర్తి వెలుగులో పెడితే 39 నుంచి 47 దాకా వెళ్లింది. మెసేజ్‌లోని "సగం" ఎండలో నిలబడి ఫోన్ చూసేవాళ్లకే కాస్త దగ్గరగా వస్తుంది.

ఛార్జింగ్‌లో ఉండగా ఫోన్ ముట్టుకోకూడదన్న చివరి మాటలో రెండు వేర్వేరు భయాలు కలిసిపోయాయి. ఒకటి షాక్. నాసిరకం అడాప్టర్లలో గోడ కరెంటుకూ యూఎస్‌బీ వైపుకూ మధ్య ఉండాల్సిన అడ్డుగోడ సరిగా ఉండదు; అలాంటిది పెట్టుకుని తడి చేతులతో ఫోన్ పట్టుకుంటే ప్రాణాపాయమే. పరిష్కారం ఆ అడాప్టర్‌ని పారేయడం. రెండోది వేడి. ఛార్జింగ్‌లో పెట్టి మెసేజ్‌లు చదువుకుంటే ఏమీ కాదు. మిట్టమధ్యాహ్నం కారు అద్దం దగ్గర ఫోన్ తగిలించి, మ్యాప్ నడిపిస్తూ, తెర వెలుగు పూర్తిగా పెంచి, పైగా ఛార్జింగ్ కూడా పెడితే, వేడి నాలుగు వైపులనుంచీ చేరుతుంది. చేతికి చురుక్కుమనేంత కాలుతుంటే తీసి నీడలో పెట్టండి, ఏసీ గాలి తగిలే చోటైతే ఇంకా మంచిది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. లోపల తేమ చేరుతుంది. గడ్డకట్టే చలిలో ఛార్జ్ చేస్తే లిథియం లోహంగా పేరుకుని సెల్ శాశ్వతంగా పాడవుతుంది.

ఇంత పెద్ద చిట్టాలో వెనక మూత పైకి లేచిన ఫోన్ గురించి ఏమీ లేకపోవడం విచిత్రం. భయపడాల్సింది దానికే. తెర అంచు విడిపోతున్నా, బల్ల మీద పెడితే ఫోన్ గిరగిరా తిరుగుతున్నా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని నొక్కకూడదు, పొడవకూడదు, ఇంకోసారి ఛార్జింగ్ పెట్టకూడదు. స్విచాఫ్ చేసి నేరుగా రిపేరు వాళ్లకు ఇవ్వాలి.

అలాగే బ్యాటరీ మార్చుకోవచ్చన్న మాట కూడా అందులో లేదు. ఎంత జాగ్రత్తగా వాడినా అది అరిగేదే. ఐఫోన్ 14 వరకు 500 సైకిళ్ల తర్వాత, 15 నుంచి 1000 సైకిళ్ల తర్వాత 80 శాతం సామర్థ్యం నిలిచేలా చేశామని యాపిల్ చెబుతుంది. యూరోపియన్ యూనియన్ 2025 జూన్ నుంచి అక్కడ అమ్మకానికొచ్చే ఫోన్లకు 800 సైకిళ్లకు 80 శాతం ఉండాలని నియమం పెట్టింది. అరిగిన బ్యాటరీ ఉన్న ఐఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా వాటి వేగం తగ్గించామని 2017 డిసెంబర్‌లో యాపిల్ ఒప్పుకుంది. బ్యాటరీ మార్పించుకున్నవాళ్లకు పాత వేగం తిరిగొచ్చింది. ఐఫోన్లలో, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్యాటరీ హెల్త్ సెట్టింగ్స్‌లోనే కనిపిస్తుంది. అది 80 కిందికి దిగి, మధ్యాహ్నానికే ఛార్జర్ వెతుక్కోవాల్సి వస్తుంటే, కొత్త ఫోన్ చూసే ముందు ఒక కొత్త బ్యాటరీ ఎంతవుతుందో అడిగి చూడండి.