ముసలి మామిడిని మొదలంటా నరకకండి

నలభై ఏళ్లు దాటిన మామిడి గొడ్డుపోతుందట. మొదలంటా నరికి, మొద్దుకు పేడ పూసి, మొదట్లో యూరియా వేస్తే మరుసటి వేసవికే కొత్త చెట్టులా కాస్తుందట. రైతుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సందేశమిది. దీన్ని నమ్మి చెట్టు మీద రంపం పెట్టబోయే వాళ్లు ఒక్క రోజు ఆగాలని రాస్తున్నాను.

వయసు వల్ల మామిడి గొడ్డుపోదు. నూరేళ్ల నాటు మామిళ్లు ఇప్పటికీ కాస్తూనే ఉన్నాయి. ముదురు తోటల్లో కొమ్మలు ఒకదానిలోకి ఒకటి దూరి లోపలంతా చీకటి కమ్ముతుంది. ఎండ తగలని రెమ్మ పూయదు. దానికి తోడు కొమ్మల మీద మొలిచే బదనిక అనే పరాన్నజీవి మొక్క చెట్టు రసం పీలుస్తుంది. ఇవి ఏళ్ల తరబడి పట్టించుకోకపోవడం వల్ల వచ్చిన జబ్బులు, ముసలితనం కాదు.

మొదలంటా నరకమనడం అన్నిటికన్నా ప్రమాదం. మన బంగినపల్లి, తోతాపురి తోటలన్నీ దాదాపు అంటు మొక్కలే, అంటే నాటు మామిడి మొదలు మీద మంచి రకం కొమ్మ అతికించి పెంచినవే. అంటు కట్టిన చోటికి కింద కోస్తే లేచే చిగురు నాటు మామిడిది. పదేళ్లు సాకి చివరికి పుల్లటి పీచుకాయలు కోసుకోవాల్సి రావచ్చు. లక్నోలోని కేంద్ర ఉపోష్ణమండల ఉద్యాన పరిశోధన సంస్థ చెప్పిన పద్ధతి వేరు: డిసెంబరు, జనవరి నెలల్లో పెద్ద కొమ్మలను నేల నుంచి మూడు నాలుగు మీటర్ల ఎత్తులో కోయాలి. చెట్టు నీరసంగా ఉంటే నేనైతే ఒకేసారి అన్నీ కోయను. ముందు నడిమి నిలువు కొమ్మ తీసి వెలుగు రానిస్తాను, పక్క కొమ్మలు తరువాతి ఏడాదికి. ఆకంతా ఒక్కసారే పోతే చెట్టుకు తిండి వండే చోటే మిగలదు. బరువైన కొమ్మకు ముందు కింది నుంచి గాటు పెట్టండి, లేకపోతే విరిగిపడుతూ మాను బెరడును చీల్చుకుపోతుంది.

పేడ పూత తప్పు కాదు. కానీ తెగుళ్లను ఆపేది బోర్డో పేస్టు: కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. ఇనుప పాత్రలో కలపకండి. ఎరువు మాను మొదట్లో కాదు, కొమ్మల గొడుగు అంచు కింద పాదు తీసి వేయాలి. తిండి పీల్చే సన్న వేళ్లు ఎక్కువగా అక్కడే ఉంటాయి.

మరుసటి వేసవికి కాయలన్నది అబద్ధం. మార్చి, ఏప్రిల్‌లో కోతల దగ్గర గుత్తులుగా చిగుళ్లు వస్తాయి. కొమ్మకు ఎనిమిదో పదో, బయటికి వాలిన బలమైనవి ఉంచి తక్కినవి తీసేయాలి. అన్నీ వదిలేస్తే మళ్లీ అదే చీకటి. కాపు మొదలయ్యేది మూడో ఏట. ఈలోగా రాబడి పోతుంది, ఆ నష్టం నిజం. అయితే నేలకు ఎండ తగులుతుంది కాబట్టి వరుసల మధ్య మినుములో, కూరగాయలో వేసుకోవచ్చు.

ఆ సందేశంలో అసలు లేని మాట ఒకటుంది: కాండం తొలిచే పురుగు. కోసిన చెట్లు చనిపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. వారానికోసారి మాను చుట్టూ తిరిగి చూడండి. రంపపు పొట్టు రాలుతుంటే ఆ రంధ్రంలోకి ఇనుప తీగ పోనిచ్చి పురుగును లాగి చంపి, బంకమట్టితో మూసేయండి.