పొద్దున దొరకనిది రాత్రి దొరుకుతుంది
రోజువారీ పనుల్లో దేవుణ్ణి గుర్తించాలంటే తెల్లవారుజామున గంటసేపు ప్రార్థన తప్పనిసరి అని ఒక వ్యాసంలో చదివాను. మా విశాఖలో స్టీల్‌ప్లాంట్ షిఫ్టులకు వెళ్లేవాళ్లకూ, చీకటితోనే ఫిషింగ్ హార్బర్‌లో చేపలు దింపేవాళ్లకూ అది కుదిరేది కాదు. వాళ్లకు జెస్యూట్ల కతోలిక సభను స్థాపించిన పునీత లొయోలా ఇగ్నేషియస్ 16వ శతాబ్దంలో నేర్పిన ఆత్మపరిశీలన, అంటే గడిచిన రోజును దేవుని ముందు తిరిగి చూసుకునే ప్రార్థన, బాగా సరిపోతుంది. పది, పదిహేను నిమిషాలు చాలు.

ముందు కృతజ్ఞత. తర్వాత, చూడగలిగే వెలుగునివ్వమని అడగడం. ఆపైన లేచినప్పటి నుంచి గంట గంటా తిరిగి చూసుకోవాలి. అసలు పని ఇక్కడే, సగం సమయం దీనికే ఇవ్వండి. "ఈరోజు బాగుంది" అంటే ఏమీ కనబడదు. జగదంబ దగ్గర బస్సు కిక్కిరిసినప్పుడు సీటిచ్చిన మనిషి, రైతుబజార్లో కొసరు వేసిన చెయ్యి, మధ్యాహ్నం ఉక్కపోత తర్వాత తగిలిన సముద్రపు గాలి, ఇలా ఒక్కొక్కటీ గుర్తుకు రావాలి. విసుక్కున్న క్షణాలనూ వదలొద్దు, మనం ఎవరి నుంచి మొహం తిప్పుకున్నామో అక్కడే తెలుస్తుంది. చివర క్షమాపణ, రేపటికి ఒకే ఒక్క తీర్మానం, యేసు నేర్పిన పరలోక జపం.

చాలామంది వారంలోపే మానేస్తారు. పడుకుని చేస్తే నిద్ర పట్టేస్తుంది, కుర్చీలో కూర్చోండి. ఇంకొందరు దీన్ని తప్పుల పద్దుగా మార్చేసుకుంటారు, దాంతో రాత్రంటేనే భయం పుడుతుంది. కృతజ్ఞతను మొదట పెట్టింది అందుకేనని నా నమ్మకం. రాత్రి డ్యూటీ వాళ్లు పొద్దున ఇంటికొచ్చాక చేసుకోవచ్చు.