ఫ్లెక్సీ మీదున్నది పేటెంట్ కాదు సార్, దరఖాస్తు నంబరు

హన్మకొండ, కాజీపేట రోడ్ల మీద ఈ మధ్య ఒక రకం ఫ్లెక్సీలు ఎక్కువైనయి. శాలువా కప్పుకున్న అసిస్టెంట్ ప్రొఫెసర్, పక్కన కరస్పాండెంట్, మధ్యల పెద్దక్షరాలతో "పేటెంట్ సాధించినందుకు శుభాభినందనలు". కింద చిన్నగా ఒక నంబరు. 2024తో మొదలైతది, తర్వాత 41, ఆ తర్వాత ఇంకో ఆరంకెలు.

ఆ నంబరును ఒక్కసారి విడదీసి చదవండి. మొదటి నాలుగంకెలు దరఖాస్తు వేసిన సంవత్సరం. ఐదో అంకె ఏ ఆఫీసో చెప్తది: ఢిల్లీకి 1, ముంబైకి 2, కోల్‌కతాకు 3, చెన్నైకి 4. తెలంగాణ చెన్నై ఆఫీసు కిందికి వస్తది కాబట్టి మనోళ్లవి 4. ఆరో అంకె దరఖాస్తు రకం, మామూలుదైతే 1. మిగిలినవి వరుస సంఖ్య. రేషన్ కార్డుకు మీ సేవల అప్లై చేస్తే ఇచ్చే రసీదు మీద కూడా నంబరుంటది. అది చూపిస్తే డీలర్ బియ్యం పొయ్యడు.

మంజూరైన పేటెంట్‌కు వేరే నంబరు, వేరే సర్టిఫికెట్. ఈ రెండింటి నడుమ చాలా దూరం ఉన్నది. ఫామ్ 1, ఫామ్ 2 వేస్తే దరఖాస్తు పడ్డట్టు. మామూలుగా 18 నెలలకు అది పేటెంట్ జర్నల్‌ల అచ్చయితది. తొందరుంటే ఫామ్ 9 వేసి రూ.2,500 కడితే నెల రోజులల్ల అచ్చేస్తరు. ఈ అచ్చెయ్యడానికి ముందు అది కొత్తదా పాతదా అని ఎవ్వరూ తూచి చూడరు. తూచాలంటే ఫామ్ 18 వెయ్యాలె, ఇంకో రూ.4,000 కట్టాలె. గడువు దరఖాస్తు తేదీ నుంచి 31 నెలలు. 2024 మార్చిల రూల్స్ మారకముందు 48 ఉండె. గడువు లోపల అడగకపోతే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్క. అడిగితే పరీక్షాధికారి మొదటి నివేదిక ఇస్తడు, దాన్నే ఎఫ్ఈఆర్ అంటరు. ఆర్నెల్లల్ల జవాబియ్యాలె. ఆ తర్వాత అవసరమైతే హియరింగ్, అప్పుడు మంజూరో తిరస్కారమో.

ఫ్లెక్సీ పడేది ఎక్కడ? ఫామ్ 9 దగ్గర. అంటే పరీక్షకు ఫీజు కూడా కట్టకముందే పాసైనట్టు స్వీట్లు పంచుడు.

దీని వెనక ఒక యాపారం నడుస్తున్నది, కనిపెట్టినోళ్ల జాబితాల పేరుకు చోటు అమ్ముడు. కాలేజీ వాట్సాప్ గ్రూపులల్ల మెసేజ్ వస్తది: "సార్, ఏఐ హెల్త్‌కేర్ పేటెంట్, థర్డ్ ఇన్వెంటర్ పొజిషన్ ఒక్కటే మిగిలింది, ఇరవై రోజులల్ల పబ్లికేషన్ గ్యారంటీ". పబ్లికేషన్ గ్యారంటీ ఎందుకు ఇయ్యగలుగుతున్నడో ఇప్పుడు తెలిసింది కదా. ఫీజు కడితే ఎవరిదైనా అచ్చయితది. లెక్క చూద్దాం. ఎనిమిది మంది, తలా ఐదు వేలు అనుకుందాం, మొత్తం 40 వేలు. మనుషుల పేరు మీద గానీ, విద్యాసంస్థ పేరు మీద గానీ ఆన్‌లైన్‌ల వేస్తే దరఖాస్తు ఫీజు రూ.1,600. ఫామ్ 9కి రూ.2,500. ఆఫీసుకు పోయింది రూ.4,100. మిగిలింది ఎవరి జేబులకు పోయిందో చెప్పనవసరం లేదు. ఫామ్ 18 మాత్రం వెయ్యరు. నాలుగు వేలు మిగులుతయి, ఇంకా ముఖ్యంగా ఎఫ్ఈఆర్ వస్తే జవాబు రాసేటోడు ఆ ఎనిమిది మందిల ఒక్కడూ ఉండడు. ఒకరు కోయంబత్తూరు, ఒకరు భోపాల్, ఒకరు మన నర్సంపేట రోడ్డు. ఒకరి మొఖం ఒకరు చూసి ఉండరు.

తప్పు ఒక్క లెక్చరర్లదే అనను. ర్యాంకింగులు, అక్రిడిటేషన్లు లెక్కపెట్టే తీరే అట్లున్నది. కాలేజీలకు కేంద్రం ఇచ్చే ర్యాంకింగు ఎన్ఐఆర్ఎఫ్ లెక్కల మంజూరైన పేటెంట్లతో పాటు ఉత్త ప్రచురణకు కూడా మార్కులున్నయి. ప్రమోషన్ ఫైల్‌ల సంఖ్య అడుగుతరు. సంఖ్య అడిగితే సంఖ్యే వస్తది.

"పోనీలే, ఎవరికేం నష్టం" అనేటోళ్లకు ఒక మాట. నష్టం ఆ గుంపుల ఉన్న ఒక్క మంచి ఐడియాకు. నిజంగ పనికొచ్చే ప్రాజెక్టు చేసిన ఫైనలియర్ పిల్లలు ఉంటరు. వాళ్ల రిపోర్టు తీసుకపోయి, వాళ్ల మీద ఇంకో ఆరుగురి పేర్లు ఎక్కించి, ఫామ్ 9 వేసి అచ్చేయించి వదిలేస్తే, ఆ విషయం ఆ రోజుతోనే బయటపడ్డట్టు. 31 నెలల తర్వాత దరఖాస్తు చచ్చిపోతది, అచ్చయిన కాగితం మాత్రం ఉంటది. రేపు ఆ పిల్లలే కంపెనీ పెట్టి మళ్లీ దరఖాస్తు వేస్తే పరీక్షాధికారి ముందుగాల ఆ కాగితాన్నే తీసి ముందట పెడ్తడు. వాళ్ల ఐడియాకు వాళ్ల పాత దరఖాస్తే అడ్డం.

ఇంకో రకం ఉన్నది, "యూకే పేటెంట్". సర్టిఫికెట్ మీద చూస్తే అది డిజైన్ రిజిస్ట్రేషన్. డిజైన్ అంటే వస్తువు కంటికి కనిపించే రూపం వరకే. అది ఎట్ల పనిచేస్తదన్న దానికి రక్షణ లేదు. పైగా బ్రిటన్ ఆఫీసు డిజైన్ కొత్తదా కాదా అని వెతికి చూడదు, అందుకే తొందరగ వస్తది. మూలలు గుండ్రంగున్న ఒక ప్లాస్టిక్ డబ్బా బొమ్మ గీసి, "ఏఐ ఆధారిత గుండె జబ్బు గుర్తింపు పరికరం" అని పేరు పెడితే, దక్కేది ఆ డబ్బా మూలల మీద హక్కు. అది కూడా బ్రిటన్‌ల. "ఇంటర్నేషనల్ పేటెంట్" అనేది అసలు లేనే లేదు. పీసీటీ అంటే చాలా దేశాలల్ల వేసుకునేందుకు ఒక్క దరఖాస్తుతో గడువు సంపాదించుకునుడు. తర్వాత ఏ దేశానికి ఆ దేశంల ఫీజు, పరీక్ష తప్పవు.

పత్తి పండించే వరంగల్‌కు ఈ "ఏ దేశానికి ఆ దేశం" సంగతి ఎప్పుడో తెలిసి ఉండాల్సింది. 2002ల వచ్చిన మొదటి తరం బీటీ పత్తి జన్యువుకు మన దేశంల పేటెంటే లేదు. అయినా మహికో-మాన్‌శాంటో వాళ్లు విత్తన కంపెనీలతో ఒప్పందాలు రాయించుకొని ప్రతి 450 గ్రాముల ప్యాకెట్ మీద రాయల్టీ వసూలు చేసిన్రు. 2006ల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్యం మీద ఫిర్యాదులు వినే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు పోయి కొట్లాడినంకనే ప్యాకెట్ రేటు దిగింది.

ఇగ నిజంగ పనికొచ్చే దరఖాస్తు ఎట్లుంటదో చూద్దాం. ఎండు మిర్చి తొడిమ తీసే యంత్రం అనుకుందాం. తొడిమ తీసిన కాయకు రేటు వేరే, తీసేది ఆడకూలీల చేతివేళ్లు, మంట. ఫ్లెక్సీ తరహా దరఖాస్తుల క్లెయిమ్, అంటే దేని మీద హక్కు కావాలో చెప్పే వాక్యం, ఇట్లుంటది: "ఏఐ, ఐఓటీ ఆధారిత, తక్కువ ఖర్చుతో కూడిన, రైతు స్నేహపూర్వక స్మార్ట్ యంత్రం, ఇందుల కెమెరా, మైక్రోకంట్రోలర్, క్లౌడ్ సర్వర్ ఉంటయి". ఇందుల తొడిమ ఎట్ల ఊడుతదన్న మాటే లేదు. పరీక్షాధికారి రెండు పాత కాగితాలు తీస్తడు, ఒకదాన్ల తొడిమ తీసే రోలర్లు, ఇంకోదాన్ల కాయలను చూసే కెమెరా. రెండూ కలిపితే మీది ఎవరికైనా తట్టేదే అంటడు. ఫైల్ మూత.

సరిగ్గ రాస్తే: కాయలు పోసే తొట్టి, దాని కింద ఏటవాలుగ ఊగే పళ్లెం, పళ్లెం చివర ఎదురెదురుగ తిరిగే రెండు రోలర్లు, అందుల ఒకటి స్ప్రింగ్ మీద వెనక్కి జరుగుతది, నడిమి సందు తొడిమ దూరేంత, కాయ దూరనంత. ఇది మొదటి క్లెయిమ్. సందు ఎన్ని మిల్లీమీటర్లు, రోలర్ మీద రబ్బరా నైలానా, ఎన్ని చుట్లు తిరగాలె అన్నవి రెండో క్లెయిమ్ నుంచి కిందికి. చాలామంది చేసే తప్పు, మొదటి దాన్లనే "2.5 మిల్లీమీటర్ల సందు" అని రాసుకునుడు. పక్కోడు 3 మిల్లీమీటర్లు పెట్టి అమ్ముకుంటడు, మీరు చేసేదేం లేదు. వివరణల మాత్రం అన్ని కొలతలు ఉండాలె. ఏ కాయకు ఏ సందు, తేమ ఎక్కువైతే తొడిమ ఎట్ల సాగుతది, మరీ ఎండితే కాయ ఎట్ల పగిలి గింజ రాలుతది, అన్నీ. మిర్చి రకాలల్ల తేజ సన్నగ ఉంటది, చపాటా బుర్రగ టమాటా లెక్క ఉంటది. ఒకే సెట్టింగ్ రెండింటికి నడవదు. ఆ తేడాను మీ యంత్రం ఎట్ల దాటిందో అక్కడనే మీ కొత్తదనం ఉంటది. 30 పేజీలు, 10 క్లెయిములు మామూలు ఫీజులనే వస్తయి. దాటితే పేజీకి రూ.160, క్లెయిముకు రూ.320 అదనం.

వెయ్యకముందు ఒక రోజు వెతకండి. గూగుల్ పేటెంట్స్, ఎస్పాస్‌నెట్, మన ఆఫీసు వాళ్ల ఇన్‌పాస్, మూడూ ఉచితం. మాటలతో వెతికితే సగం తప్పిపోతయి, వర్గీకరణ కోడ్‌తో వెతకాలె. పండ్ల తొడిమలు తీసే యంత్రాలది ఎ23ఎన్ 15/02. చైనా కాగితాలు వరుసగ వస్తయి, భాష రాకున్నా బొమ్మలు చూడండి.

చేతిల యంత్రం పూర్తి కాలేదు, పైసలు లేవు అంటే ప్రొవిజనల్, అంటే తాత్కాలిక దరఖాస్తు వేసుకోవచ్చు, అదే రూ.1,600. పన్నెండు నెలలల్ల పూర్తి స్పెసిఫికేషన్, అంటే వివరణ, క్లెయిములు అన్నీ ఉన్న పత్రం ఇయ్యాలె. కానీ పావు పేజీ రాసి పడేస్తే లాభం లేదు. ప్రొవిజనల్‌ల స్ప్రింగ్ రోలర్ ముచ్చట లేకుంటే, ఆ రోలర్‌కు ప్రొవిజనల్ వేసిన తేదీ దక్కదు. నడుమ ఎవరైనా అదే పెట్టి వీడియో వదిలితే ఆట ముగిసినట్టే.

వీడియో అంటే యాదికొచ్చింది. జిల్లాలల్ల ఊరి మెకానిక్‌ల యంత్రాలు పెట్టి ప్రదర్శనలు చేస్తరు, మంచి పనే. కలెక్టర్ వచ్చి చూస్తరు, పేపర్ల ఫోటో, యూట్యూబ్‌ల ఇంటర్వ్యూ, యంత్రం విప్పి మరీ చూపిస్తరు. దరఖాస్తు వెయ్యకముందు ఇదంతా జరిగితే కొత్తదనం పోయినట్టే. చట్టంల 31వ సెక్షన్ కింద 12 నెలల వెసులుబాటు ఉన్నది, కాకపోతే కేంద్ర ప్రభుత్వం గెజిట్‌ల నోటిఫై చేసిన ప్రదర్శనలకే. ఊరి గ్రౌండ్‌ల వేసిన షామియానాకు అది వర్తించదు. స్టాల్ పెట్టించే అధికారులు ముందటి వారం ఆ మెకానిక్‌తోని ప్రొవిజనల్ వేయిస్తే అయిపోయే పని, కానీ ఎవ్వరికీ యాదికి రాదు.

ఆలేరు దగ్గరి శారాజీపేట చింతకింది మల్లేశం గారి, చీర నేతకు ముందు దారం చుట్టే ఆసు యంత్రం మనందరికీ తెలుసు. ఆరో తరగతి దాకానే చదివిన మనిషి, 2017ల పద్మశ్రీ. ఆ యంత్రానికి పేటెంట్ వచ్చిందంటే, అర్ధచంద్రాకారంల ఉన్న కొయ్యల చుట్టూ దారం ఎట్ల తిరగాలె, కొయ్య నుంచి కొయ్యకు ఎట్ల జరగాలె అన్న ఒక్క చిక్కును విప్పింది కాబట్టి. దాన్ల క్లౌడ్ లేదు.

చపాటా సంగతి కూడా చెప్పి వదిలేస్త. 2025ల వరంగల్ చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు (జీఐ) వస్తే "మన మిర్చికి పేటెంట్" అని షేర్లు. జీఐ పేటెంట్ కాదు. అది పేరు మీద హక్కు, గుంపుకు చెందేది, పదేండ్లకోసారి పొడిగించుకునేది. వేరే జిల్లాలోడు అదే విత్తనం పెట్టుకుంటే జీఐ ఆపదు. ఆ కాయకు "వరంగల్ చపాటా" అని పేరు పెట్టి అమ్మితే ఆపుతది. ఆ పేరు వాడుకోవాలంటే రైతు కూడా అధీకృత వినియోగదారుగ నమోదు కావాలె. 2018ల జీఐ వచ్చిన వరంగల్ జంపఖానాలకు కూడా ఇదే లెక్క. ఎంతమంది నేతన్నలకు ఈ నమోదు సంగతి చెప్పిన్రో కొత్తవాడ పోయి అడగండి.

లెక్చరర్ తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక్కటే అడుగుడు. ఇప్పటికే పేరు ఎక్కి ఉంటే, ఇన్‌పాస్‌ల మీ నంబరు కొట్టి స్టేటస్ చూడండి. "అవెయిటింగ్ రిక్వెస్ట్ ఫర్ ఎగ్జామినేషన్" అని ఉండి, గడువు ఇంకా మిగిలుంటే, అందుల సరుకు ఉందనుకుంటే తలా కొంత వేసి ఆ నాలుగు వేలు కట్టండి. ఎఫ్ఈఆర్ వచ్చినంక ఆర్నెల్లు టైముంటది, చదివి జవాబు రాయండి. పది సెమినార్లల్ల రాని చదువు ఆ ఒక్క జవాబు రాస్తే వస్తది. సరుకు లేదనుకుంటే రెజ్యూమెల "పేటెంట్" అన్న చోట "ప్రచురితమైన దరఖాస్తు" అని మార్చుకోండి.

ఫ్లెక్సీ చూసిన మిగతావాళ్లు ఆ నంబరు ఒక ఫోటో తీసి పెట్టుకోండి. దరఖాస్తు తేదీకి 31 నెలలు కలిపి ఫోన్ క్యాలెండర్‌ల గుర్తు పెట్టండి. ఆ రోజు మళ్లీ ఇన్‌పాస్ తెరిచి ఏముందో కామెంట్‌ల పెట్టండి.