సవరణ: మారోవిండ్‌లో దారి మూసుకుపోదు

2002 నాటి వీడియో గేమ్ మారోవిండ్‌లో కథకు కీలకమైన పాత్రను చంపేస్తే ఇక ఆట ముగించలేమని నిన్న రాశాను. తప్పు. విధి తెగిపోయింది, పాత సేవ్ లోడ్ చేసుకో, లేదా ఈ పాడైన లోకంలోనే ఉండు అని ఆట హెచ్చరిస్తుంది, అంతే. ఆపదు.

అప్పుడు ఆట ముగించడానికి దొడ్డిదారి ఒకటుంది. ఆటలో దేవుడిగా కొలిచే వివెక్‌ని చంపి (తేలికేం కాదు!) అతని దగ్గరున్న, ముగింపుకు కావలసిన చేతి తొడుగును యాగ్రమ్ బాగార్న్ అనే పాత్రకి ఇస్తే పనిచేసేలా చేస్తాడు. బదులుగా ఆటలో మన పాత్ర హెల్త్‌లో (ప్రాణశక్తిలో) కొంత శాశ్వతంగా పోతుంది. అంటే స్వేచ్ఛకు నిషేధం లేదు, ఖరీదుంది.

అదే సిరీస్‌లో 2006లో వచ్చిన ఒబ్లివియన్‌లో కీలక పాత్రలు చావవు, స్పృహ తప్పి మళ్లీ లేస్తాయి. ఆ మాట సరిగ్గానే రాశాను. నాకైతే ఇప్పటికీ అది చిరాకే.