రాజుగారి ఏడుగురు అల్లుళ్ళు

హైదరాబాద్‌లో ఒక ఆఫీసు, కష్టకాలంలో తట్టుకుని నిలబడే శక్తి పెరగాలని తన ఉద్యోగులకు పెట్టిన ఒకరోజు శిక్షణను ఆమధ్య వెనక కుర్చీలో కూర్చుని చూశాను. పదిమందిని గుండ్రంగా నిలబెట్టారు. ఒక్కొక్కరు ఒక్కో మాట కలుపుతూ కథ చెప్పాలి, అదీ ఆట. ‘అనగనగా’ అన్నారొకరు. ‘ఒక’, ‘రాజుకు’, ‘ఏడుగురు’... ఐదో వంతు అకౌంట్స్‌లో పనిచేసే పెద్దాయనది. ‘అల్లుళ్ళు’ అన్నారాయన. గది గొల్లుమంది. చేపలు ఎండబెట్టుకోవడానికి పోవాల్సిన కథ కాస్తా పెళ్ళివారింటికి మళ్ళింది. ఇంతలో మేనేజర్ గారు, నవ్వుతూనే, ‘కొడుకులు అనాలి కదండీ’ అన్నారు. ఆ తరువాత ‘అప్పుడు’, ‘చాలా’, ‘మరియు’ తప్ప కొత్త మాట పడలేదు. నోరు తెరిచేముందు అందరి చూపూ ఒకసారి ఆయన ముఖం మీదికి వెళ్ళి వచ్చేది.

ఈ ఆటలు పుట్టింది ఆఫీసుల కోసం కాదు. 1930ల చివర షికాగోలో వలస కుటుంబాల పిల్లలకు నాటకం నేర్పడానికి వయోలా స్పోలిన్ వీటిని అల్లారు. ఆమె కొడుకు పాల్ సిల్స్ 1959లో మరికొందరితో కలిసి అక్కడే సెకండ్ సిటీ అనే హాస్య నాటకశాల పెట్టాక వాటికి పేరొచ్చింది. మనిషి సహజంగా స్పందించకుండా అడ్డుపడేది ఎదుటివారి మెప్పు కోసం, మందలింపు భయంతో బతికే అలవాటేనని స్పోలిన్ 1963లోనే రాశారు. ఆ శిక్షణ గదిలో నేను చూసింది సరిగ్గా అదే.

ఇలా అప్పటికప్పుడు కల్పించి ఆడే ఆశునటనలో మొదటి సూత్రం: ఎదుటివాడు ఏమన్నా ముందు ఒప్పుకో, ఆపైన నీ వంతు కలుపు. మన ఆఫీసుల్లో మొదటి సగానికి కొరతే లేదు. ‘సరే సార్’ అనని రోజుండదు. కొరతంతా ఆ తరువాత రావాల్సిన మాటకే. పైగా తెలుగులో ఈ ఆటకు ఇంకో మెలిక ఉంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి, రాజు చచ్చాడో గెలిచాడో చివరి మనిషి నోట్లో ఉంటుంది. ముందున్నవాళ్ళంతా ఎటు పోతుందో తెలియని వాక్యాన్ని మోయాల్సిందే. ఇబ్బందుల్లో పడ్డ టీమ్ చేసే పనీ అదే. కాబట్టి ఈ ఆటలు ఉత్త కాలక్షేపమని కొట్టిపారేయలేను.

అయితే తట్టుకుని నిలబడే శక్తి ఎక్కడుంటుందన్నది అసలు ప్రశ్న. 1949 ఆగస్టు 5న అమెరికాలోని మోంటానాలో, మాన్ గల్చ్ అనే లోయలో అడవి మంటలు ఆర్పడానికి పారాచూట్లతో దిగిన బృందం వైపు మంటలు తిరిగాయి. చుట్టూ ఎండుగడ్డి, ఎదురుగా ఎక్కాల్సిన కొండ. నాయకుడు వాగ్నర్ డాడ్జ్ ఆగి, అగ్గిపుల్ల గీసి తన ముందున్న గడ్డికే నిప్పంటించాడు. కాలిపోయిన నేల మీదికి మంట మళ్ళీ రాదు కదా, ఆ బూడిదలోకి రమ్మని కేక వేశాడు. అలాంటి ఉపాయం వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. ఒక్కరూ రాలేదు. నేల మీద వాళ్ళతో కలిసిన మరొకరితో సహా మొత్తం పదహారు మందిలో 13 మంది చనిపోయారు. ఇద్దరు ఎలాగో కొండ ఎక్కి బయటపడ్డారు, డాడ్జ్ బూడిదలో బోర్లా పడుకుని బతికాడు.

ఈ ఘటనపై 1993లో వ్యాసం రాసిన కార్ల్ వీక్ అనే పరిశోధకుడు, బృందాలు చెదిరిపోకుండా కాపాడేవాటిలో అప్పటికప్పుడు ఉపాయం అల్లే నేర్పును మొదట చెప్పాడు. కానీ డాడ్జ్‌కు ఆ నేర్పు ఉంది! లేనిది, ఆ పిచ్చిపనిలో అర్థం ఉండి ఉంటుందని నమ్మే మనుషులు. ఆ బృందం అంతకుముందు ఒక జట్టుగా కలిసి పనిచేసింది కూడా లేదు.

ఆ నమ్మకం మామూలు రోజుల్లోనే పేరుకోవాలి. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి బృందాల్లో మందుల పొరపాట్లను లెక్కగట్టినప్పుడు, మంచివనుకున్న బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువ కనిపించాయి. ఆరా తీస్తే, ఆ బృందాలు పొరపాటును దాచకుండా పైకి చెబుతున్నాయని తోచింది. ‘అల్లుళ్ళు’ అన్నవాడి మీద నవ్వుతూనే దిద్దుబాటు పడే చోట, మందు తప్పు పడితే ఎవరు చెబుతారు?

మనకు ఈ విద్య కొత్తదేమీ కాదు. అవధానంలో నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు, అంటే ఫలానా అక్షరం వాడకూడదనే ప్రశ్నకర్త, అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతాడు, పద్యం ఆ అడ్డు పక్కనుంచే పోతుంది. సంబంధం లేని మాటలతో మధ్యలో దూరే అప్రస్తుత ప్రసంగి అవధానిని ఎంత ఆటపట్టించినా అవమానం కాదు, అది సభలో అందరికీ తెలిసిన నియమం. ఇంకో సంగతి, ఆశువుగా చెప్పడమంటే సిద్ధపడకుండా రావడం కాదు. ఆ పద్యం వెనక ఏళ్ళ తరబడి ఛందస్సు సాధన ఉంటుంది. పదిమంది పనిని ఆరుగురి నెత్తిన పెట్టి, పని నేర్చుకునే తీరిక కూడా ఇవ్వకుండా, తట్టుకునే శక్తి కోసం ఒకరోజు ఇలాంటి ఆటలు ఆడించే యాజమాన్యాలు ఈ ముక్క వినవు.

మేనేజర్ గారు ఆ వలయంలో నిలబడి, తన వంతుకు తడబడి, అందరూ నవ్వగా తానూ నవ్వి ఉంటే ఆ రోజు ఖర్చు కొంతైనా గిట్టుబాటయ్యేదని నా అంచనా. సాయంత్రం అభిప్రాయాల కాగితం పంచారు. హాలు ఎలా ఉంది, భోజనం ఎలా ఉంది, ట్రైనర్ ఎలా చెప్పారు అని గడులున్నాయి. అకౌంట్స్ పెద్దాయన అన్నింటికీ ‘బాగుంది’ అని టిక్కు పెట్టి, మేనేజర్ గారి చేతికే ఇచ్చి వెళ్ళారు.