ఆ లిస్ట్‌ని పైకి రానిచ్చింది ఎవరు?

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు జావాలో తప్పు క్లాస్ ఇంపోర్ట్ చేస్తే, అంటే ఒకే పేరున్న రెడీమేడ్ కోడ్ ముక్కల్లో కావలసింది కాక ఇంకోటి తమ ఫైల్‌లోకి తెచ్చుకుంటే, కోడ్ రివ్యూలో వాళ్ల మీద విరుచుకుపడే సీనియర్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. "ఇంపోర్ట్ కూడా చూసుకోవా?" అని అందరి ముందూ అడుగుతారు. టైప్ చేస్తుండగా ఎడిటర్ చూపించే పేర్ల జాబితాలో ఆ సజెషన్ వాళ్ల కళ్లముందుకు ఎలా వచ్చిందని మాత్రం ఎవరూ అడగరు. ప్రాజెక్ట్ సెటప్ చేసింది మనం. క్లాస్‌పాత్‌లో, అంటే జావా క్లాసుల కోసం వెతికే చోట్ల జాబితాలో, ఏముండాలో తేల్చింది మనం. ఎడిటర్ సెట్టింగ్స్ గాలికొదిలేసిందీ మనమే.

లిస్ట్ సంగతే తీసుకోండి. ఫిల్టర్ ఏమీ పెట్టని ఎక్లిప్స్ ఎడిటర్‌లో లిస్ట్ అని టైప్ చేసి కంట్రోల్ స్పేస్ నొక్కితే ఆ పేరుతో రెండు కనిపిస్తాయి. మనకు కావలసింది యుటిల్ ప్యాకేజీలోది, విలువల్ని వరసగా దాచుకునేది. అది 1998లో జావా 1.2తో వచ్చింది. రెండోది స్క్రీన్ మీద విండోలు, బటన్లు చూపించే ఏడబ్ల్యూటీ ప్యాకేజీలోది, 1996 నాటి తొలి జావా నుంచీ ఉంది. విండోలో వరసలు చూపించి ఒకటి ఎంచుకోమనే పెట్టె అది. స్వింగ్ అనే లైబ్రరీతో డెస్క్‌టాప్ అప్లికేషన్లు రాసేవాళ్లకు ఏడబ్ల్యూటీ కావాలి. వెబ్ సర్వీస్ రాసే టీమ్‌కి ఆ పెట్టెతో పనేంటి?

తొందరలో పిల్లవాడు రెండోదాని మీద ఎంటర్ కొడతాడు. పక్కన యాంగిల్ బ్రాకెట్లలో స్ట్రింగ్ అని రాయగానే ఎర్ర గీత పడుతుంది. "ద టైప్ లిస్ట్ ఈజ్ నాట్ జెనరిక్" అంటుంది ఎక్లిప్స్, అంటే ఈ లిస్ట్ పక్కన బ్రాకెట్లలో రకం పేరు రాయడం కుదరదని. అందులో ఇంపోర్ట్ ఊసే లేదు. ఇంపోర్టులన్నీ ఫైల్ పైన ఒక్క లైనుగా మడిచి ఉంటాయి. వాడేమో తను రాసిన లైన్‌నే చూస్తూ బ్రాకెట్లు తీసి మళ్లీ పెడుతుంటాడు. ప్రిఫరెన్సెస్‌లో జావా, అప్పియరెన్స్, టైప్ ఫిల్టర్స్‌కి వెళ్లి ఆ ఏడబ్ల్యూటీ లిస్ట్‌ని చేర్చి టిక్ పెడితే అది మళ్లీ కనిపించదు. ఇంత చిన్న పనికి ఒక మనిషి పొద్దంతా తల పట్టుకుని కూర్చోవాలా?

ఇక్కడ కనీసం ఎర్ర గీత పడింది. నాకు అసలు భయం ఏ గీతా పడని వాటితోనే. జేయూనిట్ అనే టెస్టింగ్ లైబ్రరీ ఐదో వెర్షన్‌తో నడిచే ప్రాజెక్ట్‌లోకి ఏదో పాత లైబ్రరీ తనతోపాటు జేయూనిట్ 4ని కూడా లాక్కొస్తుంది. ఇక ఒక మెథడ్ టెస్ట్ అని గుర్తు పెట్టే టెస్ట్ అనే యానోటేషన్ సజెషన్స్‌లో రెండుసార్లు కనిపిస్తుంది. ఒకటి జేయూనిట్ 5కి చెందిన జూపిటర్ ప్యాకేజీలోది, ఇంకోటి జేయూనిట్ 4లోని పాతది. పాతది ఎంచుకున్నా కంపైల్ అవుతుంది. పాత టెస్టులను నడిపే వింటేజ్ ఇంజిన్ ప్రాజెక్ట్‌లో లేకపోతే ఆ మెథడ్‌ని ఎవరూ పిలవరు. మిగతా టెస్టులు పాసవుతాయి, బిల్డ్ పచ్చగా ఉంటుంది. రాసిన టెస్ట్ నడవనే లేదని ఎవరికీ తెలియదు. పేమెంట్ లెక్కల్లాంటి చోట ఇలా జరిగితే ఆ టెస్ట్ పట్టుకోవలసిన బగ్ నేరుగా కస్టమర్ దగ్గరికి పోతుంది. దీన్ని "ఫ్రెషర్ అజాగ్రత్త" అని రాసి ఫైల్ మూసేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అందుకే సజెషన్స్ సరిచేయడం ఎవరికి వాళ్లు చూసుకోవలసిన సొంత ఇష్టం కాదు, టీమ్ పని అంటాను. ముందు ప్రాజెక్ట్‌కి ఏ లైబ్రరీలు కావాలో రాసే మావెన్ ఫైల్‌లో, ఇది వద్దని ఎక్స్‌క్లూజన్ పెట్టి ఆ జేయూనిట్ 4ని క్లాస్‌పాత్ నుంచే తీసేయండి. అక్కడ లేనిది సజెషన్‌లోకీ రాదు. తీయడానికి వీల్లేనివాటికి ఇంటెల్లిజే ఎడిటర్‌లో ఆటో ఇంపోర్ట్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌క్లూడ్ జాబితా ఉంది. అక్కడ స్కోప్ ప్రాజెక్ట్ అని ఎంచుకుంటే అది ప్రాజెక్ట్‌లోని ఐడియా ఫోల్డర్‌లో సేవ్ అవుతుంది. ఆ ఫైల్‌ని టీమ్ అంతా కోడ్ పంచుకునే గిట్‌లో పెడితే చాలు, రేపు చేరేవాళ్లకీ అదే జాబితా వస్తుంది. విఎస్ కోడ్‌లో ఫిల్టర్డ్ టైప్స్ అనే సెట్టింగ్ ఉంది, దాన్నీ వర్క్‌స్పేస్ సెట్టింగ్స్‌లో పెట్టి పంచుకోవచ్చు. ఎక్లిప్స్‌లోనైతే ప్రిఫరెన్సెస్ ఎక్స్‌పోర్ట్ చేసి ఇవ్వాలి. కాస్త చాదస్తమే, కానీ ఒక్కసారి చేస్తే సరిపోతుంది.

"అసలు సజెషన్లే వద్దు, నోట్‌ప్యాడ్‌లో రాస్తేనే జావా వస్తుంది" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. మొదటి నెల నేర్చుకునేటప్పుడు సరే. ఉద్యోగంలో వేల క్లాసుల పేర్లు బట్టీ పట్టడం నైపుణ్యం ఎలా అవుతుంది? ఏఐ వచ్చింది కాబట్టి ఇవన్నీ అక్కర్లేదనే మాటా ఒప్పుకోను. ఎడిటర్ సొంతంగా ఇచ్చే జాబితా క్లాస్‌పాత్‌లో నిజంగా ఉన్నవాటిలోంచి వస్తుంది. ఏఐ ఇచ్చేది ఊహ, లేని మెథడ్ పేరు కూడా ధైర్యంగా రాసేస్తుంది.

సజెషన్స్ బొత్తిగా రాకపోతే మనవాళ్లు చెప్పేది ఒకటే మంత్రం: అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్. ఎందుకండీ? ఇంటెల్లిజేలో ఎవరో తెలియక పవర్ సేవ్ మోడ్ ఆన్ చేసినా, టైప్ చేస్తుండగా దానంతట అదే వచ్చే జాబితా ఆగిపోతుంది. ఎక్లిప్స్ "నో డిఫాల్ట్ ప్రపోజల్స్" అంటే కంటెంట్ అసిస్ట్ కింద అడ్వాన్స్‌డ్ పేజీలో జావా ప్రపోజల్స్ టిక్ ఉందో లేదో చూడండి. మైలిన్ అనే ప్లగిన్ తీసేశాక ఆ టిక్ పోవడం పాత సమస్యే. రిస్టోర్ డిఫాల్ట్స్ నొక్కితే తిరిగొస్తుంది.

మ్యాక్ వాడే తెలుగువాళ్లకు ఇంకో తిప్పలుంది. ఇంగ్లిష్‌తో పాటు తెలుగు కీబోర్డ్ కూడా పెట్టుకుంటే కంట్రోల్ స్పేస్‌ని మ్యాక్ భాష మార్చడానికి తీసేసుకుంటుంది, ఎడిటర్ దాకా రానివ్వదు. "తెలుగు కీబోర్డ్ తీసేయ్, అదే పనిచేస్తుంది" అని సలహా ఇస్తారు. దయచేసి అలా చెప్పకండి. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్ షార్ట్‌కట్స్ తెరిచి, ఇన్‌పుట్ సోర్సెస్ కింద కంట్రోల్ స్పేస్‌కి ఉన్న టిక్ తీసేయమనండి. కోడ్‌కి కోడ్ నడుస్తుంది, అమ్మకి తెలుగులో మెసేజ్ కూడా పెట్టుకోవచ్చు.